దిగి మారవలసిన ఊరు



"కొత్తగూడెం పోయేటోళ్ళు దిగాలె, దిగాలె!"

రాత్రిపూట బండి పూర్తిగా ఆగకముందే ప్లాట్‌ఫారం మీంచి ఈ కేక వినపడేది. మా నాయనమ్మ ఉలిక్కిపడి లేచి సామాను లెక్కపెట్టుకునేది. బియ్యం మూట, పచ్చడి జాడీ, బట్టల ట్రంకు, మా అక్క, నేను. ఐదూ సరిపోయాయని రూఢి చేసుకున్నాకే కింద కాలు పెట్టేది. మా నాయన కొత్తగూడెంలో బొగ్గుబాయి కార్మికుడు. మా సొంతూరు మధిర వైపు. సెలవులు గడిచాక మధిరలో బండెక్కి, ఖమ్మం దాటి, డోర్నకల్లులో దిగి, అక్కడ కొత్తగూడెం బండి కోసం కాచుకునేవాళ్ళం. ఆ బండి తెల్లవారుజామున గానీ కదిలేది కాదు. ఆ మధ్య గంటలన్నీ ప్లాట్‌ఫారం మీదే. చిన్నప్పుడు నేను చాలా ఊళ్ళు చూశాను గానీ, రాత్రంతా మేలుకుని చూసిన ఊరు మాత్రం డోర్నకల్ ఒక్కటే.

ఈ పూట మీతో ఆ ఊరి సంగతి చెప్పుకోవాలని వచ్చాను. ఇవాళ అది మహబూబాబాద్ జిల్లాలో ఒక చిన్న పట్నం. 2018లో మున్సిపాలిటీ అయింది. ఖమ్మానికి ఇరవై పైచిలుకు కిలోమీటర్లు. కాజీపేట, విజయవాడల మధ్య రైల్లో వెళ్ళేవాళ్ళలో చాలామంది దాన్ని కిటికీలోంచి చూసి ఉంటారు. పసుప్పచ్చ బోర్డు మీద పేరు, పేరు పక్కన జంక్షన్ అన్న మాట, అంతే, బండి దాటిపోతుంది. ఆ జంక్షన్ అన్న ఒక్క మాటలోనే ఆ ఊరి పుట్టుక అంతా ఉంది.

ఓరుగల్లుకు కోట ఉంది, ఖమ్మానికి గుట్ట మీద ఖిల్లా ఉంది. మధిర పక్కన వైరా ఏరుంది. డోర్నకల్‌ను పట్నం చేసిన వస్తువు కోటా కాదు, గుడీ కాదు, ఏరూ కాదు. రెండు ఇనప పట్టాల్లోంచి మరో రెండు పట్టాలు చీలి తూర్పుకు తిరగడమే. ఆ చీలికకు కారణం నేలలోపల ఉంది.

భద్రాద్రి రాముణ్ణి చూడటానికి నడిచిపోతున్న యాత్రికులు ఇల్లందు అడవిలో వంటకు దిగారట. మూడు నల్లరాళ్ళు తెచ్చి పొయ్యి పెట్టారట. కట్టెలతో పాటు రాళ్ళూ అంటుకున్నాయట. బొగ్గు ఊళ్ళలో పుట్టినవాళ్ళందరం ఈ కథ వింటూనే పెరిగాం. కథ సంగతి అలా ఉంచితే, కాగితం మీద ఉన్న చరిత్ర ఇది: 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఆ ప్రాంతంలో బొగ్గు ఉందని తేల్చాడు. బొగ్గు దొరికింది ఇల్లందు దగ్గర, పేరు మాత్రం పక్కనున్న సింగరేణి అనే పల్లెటూరిది. ఆ చిన్న ఊరి పేరు ఇవాళ ఎన్ని లక్షల ఇళ్ళలో పలుకుతోందో చూడండి. ఇల్లందును మా పెద్దవాళ్ళు ఎన్నడూ ఇల్లందు అనలేదు. బొగ్గుట్ట అనేవాళ్ళు. "ఏడికి పోయినవ్?" అంటే "బొగ్గుట్టకు" అనేవాళ్ళు.

బొగ్గు ఉందని తెలిస్తే చాలదు కదా. తవ్విన బొగ్గు ఎడ్లబండి మీద ఎంత దూరం పోతుంది? గిట్టుబాటు కావాలంటే రైలు కావాలి. హైదరాబాద్ నగరానికి మొదటి రైలుమార్గం 1874లో వాడి నుంచి వచ్చింది. దాన్ని తూర్పుకు పొడిగించి వరంగల్ మీదుగా బెజవాడకూ, మరో పక్క చాందాకూ (ఇప్పటి చంద్రపూర్) కలపాలన్నది ఆ తర్వాతి ఆలోచన. ఆ పని లండన్‌లో పుట్టిన ఒక కంపెనీ చేతికి వెళ్ళింది. పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ పేరులో గ్యారంటీ అన్న మాట ఊరికే రాలేదు. పెట్టుబడి పెట్టిన దొరలకు లాభం వచ్చినా రాకపోయినా ఏడాదికి నూటికి ఐదు చొప్పున ఇరవై ఏళ్ళ పాటు నిజాం ఖజానా పూచీ. ఆ ఖజానాలో డబ్బు ఎవరిది? వాన పడ్డా పడకపోయినా శిస్తు కట్టిన మన తెలంగాణ, మరాఠ్వాడా రైతులది.

దీన్ని ప్రశ్నించిన మనుషులు అప్పుడే ఉన్నారు. హైదరాబాద్ కాలేజీ ప్రిన్సిపాలు అఘోరనాథ చట్టోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటివాళ్ళు. ఇంత పెద్ద ఒప్పందం షరతులు జనానికి తెలియకుండా ఎలా కుదురుస్తారని నిలదీశారు. 1883 మే నెలలో అఘోరనాథుణ్ణి ఉద్యోగం నుంచి తప్పించి హైదరాబాద్ రాజ్యం నుంచే పంపేశారు. అప్పటికి ఆయన కూతురు సరోజినికి నాలుగేళ్ళు. తర్వాత మనం సరోజినీ నాయుడు అని పిలుచుకున్నది ఆ పిల్లనే. హైదరాబాద్‌లో జనాభిప్రాయం అనేది మొదటిసారి గొంతెత్తిన సందర్భాల్లో ఈ చాందా రైలు గొడవ ఒకటి. మనం టికెట్టు కొని కూర్చునే ఈ దారి వెనక ఒక మనిషి దేశబహిష్కారం ఉందన్న సంగతి పిల్లలకు చెప్పాలి. ఎక్కడా చెప్పరు. బొగ్గు గనుల హక్కుల సంగతి కూడా ఇలాగే లండన్ దాకా పోయి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం గనుల కంపెనీ వాటాల అమ్మకాల మీద విచారణ జరిపింది.

ఏమైతేనేం, పట్టాలు పడ్డాయి. 1886కు వరంగల్, 1889కి బెజవాడ. ఆ మధ్యలోనే, 1888లో, డోర్నకల్ దగ్గర్నుంచి ఒక శాఖ తూర్పుగా చీలి ఇల్లందు బొగ్గు దగ్గరికి పోయింది. 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. ఎందుకు డోర్నకల్ దగ్గరే చీలింది అంటే, వరంగల్ నుంచి బెజవాడకు దిగివచ్చే పెద్దలైను మీద ఇల్లందు వైపు తిరగడానికి అనువైన తావు అది. ఆ తావుకు అప్పటికే ఒక ఊరి పేరుంది. ఆ పేరు జంక్షన్‌కు పెట్టారు.

దక్షిణాదిలో రైలు కట్టలు చాలావరకు పోసింది వడ్డెరలు. గడ్డపార, పలుగు, తట్ట. గాడిదల మీద మట్టి మోత. రైలు కంపెనీల చరిత్రల్లో ఇంజనీర్ల పేర్లుంటాయి, వంతెనల పొడుగులుంటాయి. కట్ట పోసినవాళ్ళ పేర్లుండవు. ఎప్పుడైనా వానాకాలంలో డోర్నకల్, గార్ల మధ్య బండిలో వెళితే పొలాల మీదుగా ఎత్తుగా పోయే ఆ కట్టను ఒకసారి చూడండి. అది చేతులతో పోసిన మట్టి.

ఇప్పుడు నా ప్లాట్‌ఫారం దగ్గరికి తిరిగి వస్తాను.

ఈ కాలం పిల్లలకు రైలు ఆగడమంటే రెండు నిమిషాలు. బొగ్గింజను కాలంలో ఆగడం అంటే అది కాదు. ఇంజను ఒక జీవి. దానికి ఆకలీ, దప్పికా రెండూ ఉండేవి. వెనకనున్న టెండరులో వేల గ్యాలన్ల నీళ్ళు పట్టినా, బరువైన బొగ్గు బండిని లాగుతుంటే ఆవిరై ఆ నీళ్ళు తరిగిపోతూనే ఉండేవి. అందుకని దారి పొడుగునా నీళ్ళ ట్యాంకులు, గొట్టాలు. ప్లాట్‌ఫారం చివర ఏనుగు తొండం లాంటి ఇనప గొట్టం నిలబడి ఉండేది. ఇంజను వచ్చి దాని కింద ఆగేది. ఫైర్‌మన్ టెండరు మీదికెక్కి తొండాన్ని తిప్పి మూతలో పెట్టేవాడు. కింద ఒకరు చక్రం తిప్పేవారు. నీళ్ళు దబదబా పడే చప్పుడు, పొర్లి కింద కంకర మీద కారే చప్పుడు, మధ్యమధ్యలో ఇంజను నిట్టూర్పు. బూడిద గుంట మీద నిలబెట్టి నిప్పులు దులిపేవాళ్ళు. చీకట్లో ఎర్రగా రాలే ఆ నిప్పుల్ని చూస్తూ నేను చలి మర్చిపోయేవాణ్ణి.

ఇంజను ఆగితే మనుషులు ఆగాలి. డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు డ్యూటీ దిగాలి. వాళ్ళకు పడుకోను రన్నింగ్ రూము, తినను అన్నం కావాలి. వాళ్ళ ఇళ్ళకు క్వార్టర్లు, ఆ ఇళ్ళకు పాలు, కూరగాయలు, చాకలి, మంగలి, పిల్లలకు బడి. పాయింట్స్‌మన్, కీమన్, గ్యాంగు, సిగ్నల్ దీపాలకు నూనె పోసేవాడు. ఒక జంక్షన్ చుట్టూ ఊరు ఇలాగే పెరుగుతుంది. ముందు నీళ్ళ గొట్టం, తర్వాత పొయ్యి, తర్వాత ఇల్లు. డోర్నకల్‌ను కట్టింది రైళ్ళు కాదనీ, రైళ్ళు ఆగడమే ఆ ఊరిని కట్టిందనీ నాకు చాలా కాలం తర్వాత అర్థమైంది. దాటిపోయే బండి ఎంత పెద్దదైనా ఊరికి ఇచ్చేది దుమ్మూ చప్పుడూ. ఆగిన ప్యాసింజరు ఒక టీకొట్టును బతికిస్తుంది.

ఆ రాత్రుల్లో ప్లాట్‌ఫారం మీద ఎవరెవరుండేవాళ్ళో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బాయి పనికి మొదటిసారి పోతున్న కుర్రాళ్ళు, పక్కన వాళ్ళను దింపడానికి వచ్చిన మేనమామలు. బొగ్గు ఊళ్ళలో పనికి పోవడాన్ని బాయి దిగడం అంటారు. "మా వాడు బాయి దిగుతున్నడు" అని చెప్పేటప్పుడు ఆ గొంతులో గర్వమూ భయమూ కలిసే ఉండేవి. భద్రాచలం పోయే యాత్రికులు గుంపులుగా ఉండేవాళ్ళు. వాళ్ళకు కొత్తగూడెం స్టేషను పేరే భద్రాచలం రోడ్ కదా. అక్కడ దిగితే గుడి ఎదురుగా ఉంటుందనుకునేవాళ్ళు. అక్కణ్ణుంచి ఇంకా నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలని నాయనమ్మ ప్రతిసారీ ఎవరికో ఒకరికి ఓపిగ్గా చెప్పేది. అద్దాలు కుట్టిన రవికెలు, చేతినిండా తెల్లని గాజులు వేసుకున్న లంబాడీ ఆడవాళ్ళు మిరపకాయల బస్తాలకు చేరబడి కూర్చునేవాళ్ళు. ఆ ఘాటుకు నేను తుమ్మితే నవ్వేవాళ్ళు.

తెల్లవారగట్ల మా బండి కదిలేటప్పుడు ఒక విద్య చూడటానికి కిటికీ కోసం నేనూ అక్కా కొట్టుకునేవాళ్ళం. కొత్తగూడెం వైపు ఒంటి లైను. ఒకే పట్టాల మీద ఎదురుబండి రాకుండా ఉండాలంటే, ఆ ముక్క దారికి తాళంచెవి లాంటిది ఒకటి డ్రైవరు చేతిలో ఉండాలి. దాన్ని టోకెన్ అంటారు. ఇనప గుండు. స్టేషనులో ఒక యంత్రం, అవతలి స్టేషనులో దాని జత యంత్రం. రెండు వైపులా మాస్టర్లు గంటలు కొట్టుకుని ఒప్పుకుంటేనే ఒక్క గుండు బయటికి వస్తుంది. అది బయట ఉన్నంతసేపూ రెండోది రాదు. ఆ గుండును తోలు సంచిలో వేసి, పెద్ద బెత్తపు రింగుకు కడతారు. ఆగని బండి అయితే పోర్టరు పట్టాల పక్కన ఆ రింగు పైకెత్తి పట్టుకుని నిలబడతాడు. ఇంజను మీంచి ఫైర్‌మన్ ఒంగి, మోచెయ్యి రింగులోకి దూర్చి లాక్కుంటాడు. అదే ఊపులో వెనకటి స్టేషను రింగును కిందికి విసురుతాడు. అది దొర్లుకుంటూ పోయి ఏ తుమ్మచెట్టు మొదట్లోనో పడుతుంది. రాత్రిపూట అయితే పోర్టరు పక్కన కాగడా. వెలుతురులో ఒక్క క్షణం రెండు చేతులు, ఒక రింగు. ఆ చెయ్యి తప్పితే బండి ఆగాలి, వెనక్కి రావాలి. మా బండి ఎన్నో స్టేషన్లు అలా దాటింది. ఒక్కసారి కూడా చెయ్యి తప్పడం నేను చూడలేదు.

మిరపకాయల బస్తాల దగ్గర నవ్విన ఆ ఆడవాళ్ళ గురించి కాస్త ఆగి చెప్పాలి. డోర్నకల్ చుట్టూ ఎటు పోయినా తండాలే. ఈ మాటను మనం రోజూ వాడతాం గానీ దాని అసలు అర్థం తలచుకోం. తండా అంటే మొదట ఊరు కాదు. నడిచే గుంపు. బంజారాలు వేల ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పూ, లోపలి నుంచి ధాన్యమూ మోసుకుని దక్కను అంతా తిరిగేవాళ్ళు. ఆ వ్యాపారాన్ని వాళ్ళ భాషలో లదేణి అంటారు. మొఘలు సైన్యాలకూ, నిజాం సైన్యాలకూ, ఇంగ్లీషు సైన్యాలకూ కూడా తిండిగింజలు చేరవేసింది వాళ్ళే. ఎద్దుల గంటలు వినబడితే ఉప్పొచ్చిందని ఊరు బయటికి వచ్చేది. రైలు వచ్చింది. వాళ్ళు వారాలు నడిచి తెచ్చే ఉప్పును ఒక్క వ్యాగను ఒక్క రాత్రిలో తెచ్చి పడేసింది. ఎద్దులు అమ్ముకున్నారు. అడవి అంచుల్లో పోడు కొట్టుకుని, గొడ్లు మేపుకుని నిలిచిపోయారు. నడిచే గుంపు పేరు, నిలిచిన ఊరి పేరు అయిపోయింది. పైగా ఇంగ్లీషువాళ్ళ నేరస్థ జాతుల చట్టం తిరిగేవాళ్ళందరినీ అనుమానంగా చూసిన రోజులవి.

డోర్నకల్‌ను రైలు పుట్టించిందని మురిసిపోయేటప్పుడు నాకు ఈ ఎద్దులు గుర్తొస్తాయి. ఒకే పట్టా ఒక ఊరిని నిలబెట్టింది, ఒక జాతి కాళ్ళకు కళ్ళెం వేసింది. 1976లో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల్లో చేరారు. 2018లో పెద్ద తండాలు సొంత పంచాయతీలయ్యాయి. డోర్నకల్ శాసనసభ స్థానం ఇవాళ షెడ్యూల్డు తెగలకు రిజర్వు. నడక ఆగిన చోటే వాళ్ళ ఓటుకు విలువ వచ్చింది. కానీ దానికి దాదాపు నూరేళ్ళు పట్టింది.

ఈ ఊళ్ళో దిగిన మరో మనిషి సంగతి చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. ఆయన బండి మారడానికి దిగలేదు, ఉండిపోవడానికి దిగాడు.

1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు కలిసింది. దాంతో దక్షిణాన తిరునల్వేలి నుంచి డోర్నకల్ దాకా పట్టాల మీదే రావచ్చు. 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు ఒక సంఘం పెట్టుకున్నారు. తెల్లదొరల డబ్బు వద్దు, వాళ్ళ పెత్తనం వద్దు, మన మనుషులు, మన పైసలు, మన నిర్వహణతోనే సేవ చేద్దామన్నది దాని నియమం. ఆ సంఘం పని కోసం ఎంచుకున్న చోటు ఈ రైల్వే జంక్షన్. ఆ సంఘం పెట్టినవాళ్ళలో ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో పుట్టాడు. హైదరాబాద్ నగరానికి మొదటి రైలు వచ్చిన ఏడాదే అది. తండ్రి పల్లెటూరి చర్చి ఫాదరు. 1909లో ఆయన కుటుంబంతో సహా డోర్నకల్ వచ్చాడు. తెలుగు రాదు. నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ను బిషప్ చేశారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. లండన్‌లోనూ, కలకత్తాలోనూ కొందరు తెల్లవాళ్ళకు అది మింగుడు పడలేదు. అంతకు రెండేళ్ళ ముందే ఎడింబరోలో జరిగిన ప్రపంచ సభలో ఆయన లేచి నిలబడి, మీరు మాకోసం త్యాగాలు చేశారు, సంతోషం, మాకు కావలసింది స్నేహం అన్న అర్థం వచ్చేట్టు మాట్లాడాడు. మాట చిన్నది. అది పలికిన మనిషి మూడేళ్ళలోపే తిరిగి వచ్చి కూర్చున్నది మన డోర్నకల్లులో, బిషప్ గద్దె మీద.

బిషప్ పీఠం అంటే మామూలుగా మద్రాసు, కలకత్తా, బొంబాయి. వరంగల్ కూడా కాదు, ఖమ్మం కూడా కాదు, నీళ్ళ గొట్టమూ నాలుగు వరసల క్వార్టర్లూ ఉన్న డోర్నకల్. ఆ ఊరి పేరు ప్రపంచం నలుమూలలా ఉత్తరాల మీద రాసే పేరైంది. ఆయన రైలు దిగి ఎడ్లబండి కట్టించుకుని పల్లెలు తిరిగేవాడు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాల మాదిగ పేటలవాళ్ళు. వాళ్ళ పిల్లలకు బడులు, ఆ బడుల్లోంచి పంతుళ్ళు. మతమార్పిడుల విషయంలో గాంధీజీకీ ఆయనకూ గట్టి అభిప్రాయభేదం వచ్చింది. ఇద్దరూ ఎవరి మాట మీద వాళ్ళు నిలబడ్డారు. అజరయ్య పక్షాన ఒక మాట మాత్రం నేను చెప్పదలచుకున్నాను. క్రైస్తవులకు విడిగా ఓటుపెట్టెలు, విడిగా సీట్లు కావాలన్న వాదాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించాడు.

డోర్నకల్ వెళ్ళినవాళ్ళు ఆయన కట్టించిన పెద్ద గుడి చూడకుండా రావద్దు. కట్టడం మొదలుపెట్టాక పాతికేళ్ళకు గానీ పూర్తి కాలేదు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దూరం నుంచి చూస్తే గుమ్మటాలు. మసీదేమో అనిపిస్తుంది. దగ్గరికి పోతే రాతి స్తంభాలు, తామరలు. మన గుడి మంటపంలో నిలబడ్డట్టు ఉంటుంది. లోపల శిలువ. చిన్నప్పుడు బండి కోసం కాచుకున్న ఒక తెల్లవారుజామున నాయనమ్మ మమ్మల్ని అక్కడికి తీసుకుపోయింది. చెప్పులు విడిచి, బయట మెట్టుకు దణ్ణం పెట్టుకుంది. "ఇదేం గుడే నాయనమ్మా?" అంటే, "గుడే బిడ్డా, దణ్ణం పెట్టు" అంది. అజరయ్య కట్టించేటప్పుడు ఆశపడ్డది సరిగ్గా అదేనని నేను ఆయన గురించి చదివాక తెలుసుకున్నాను. ఆయన 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. రెండేళ్ళకు, 1947 సెప్టెంబరులో, ఆయన ఏళ్ళ తరబడి పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం అనే ఉమ్మడి చర్చి ఏర్పడింది.

తర్వాత కథ వేగంగా చెప్పేస్తాను, ఎందుకంటే అది వేగం కథే. కొత్తగూడెం దాకా లైను 1927లోనే వచ్చింది. 1930లో రైల్వేను నిజాం ప్రభుత్వం కొనేసింది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. 1970లో చిత్తరంజన్ కార్ఖానాలో చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజను తయారైంది. దానికి అంతిమ్ సితార అని పేరు పెట్టారు. డీజిలు వచ్చింది. డీజిలుకు దప్పిక లేదు. 1980ల చివరికి కాజీపేట, విజయవాడల మధ్య కరెంటు తీగలు పడ్డాయి. కరెంటింజనుకు దప్పికా లేదు, ఆకలీ లేదు. బూడిద దులపనక్కర లేదు. తొండం గొట్టాలు తీసేశారు. ఆగాల్సిన పని తగ్గినకొద్దీ ఆగే బండ్లు తగ్గాయి.

ఇది ఎవరి తప్పూ అనను. ఇంజను మారడం మంచికే. ఆ పొయ్యి ముందు నిలబడి పారతో బొగ్గు వేసిన ఫైర్‌మన్ వీపు మీద చెమట చూసినవాణ్ణి, ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకోను. నా బాధంతా చిన్న బండ్ల గురించి. బొగ్గు బండ్లు ఇవాళ్టికీ డోర్నకల్ మీదుగా రాత్రింబవళ్ళు పోతూనే ఉన్నాయి. దూరపు ఎక్స్‌ప్రెస్‌లు పోతున్నాయి. మూడో లైను పనులూ చేపట్టారు. ఇంత పట్టా ఉండి, పొద్దున కూరగాయలు తీసుకుని ఖమ్మం పోయే మనిషికి, కాలేజీకి పోయే పిల్లకు, ఆసుపత్రికి పోయే ముసలాయనకు నమ్మకమైన ప్యాసింజరు ఉండాలా వద్దా? కరోనా నాడు దేశమంతటా ప్యాసింజర్లు ఆపారు. తిరిగి నడిపినప్పుడు చాలాచోట్ల వాటికే ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు, చార్జీ పెంచారు, చిన్న స్టేషన్లలో ఆగడం మానిపించారు. చార్జీ తర్వాత తగ్గించారు. పోయిన హాల్టులు అన్నీ తిరిగి రాలేదు. ఈ మాట రైల్వేలో పనిచేసిన వాళ్ళే నాతో బాధగా అన్నారు. బండి ఎంత తొందరగా పోయిందన్న లెక్క కాగితం మీద ఉంటుంది. ఎంతమంది ఎక్కలేక నిలబడిపోయారన్న లెక్క ఎవరూ రాయరు.

పోయిన చలికాలం నేను డోర్నకల్లులో దిగాను. పని ఏమీ లేదు, దిగాలనిపించి దిగాను. ప్లాట్‌ఫారాలు పొడుగయ్యాయి, మెట్ల వంతెన వచ్చింది, టీ కాగితపు కప్పుల్లో ఇస్తున్నారు. తొండం గొట్టం ఉన్నచోటు ఇదేనని నాకు నేనే అనుకుని కాసేపు నిలబడ్డాను. సాయంత్రం ఖమ్మం వైపు నుంచి ప్యాసింజరు వచ్చింది. దిగినవాళ్ళు పదిమందో పదిహేనుమందో ఉంటారు. ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి దూర్చుకుని ఒక లంబాడీ పెద్దావిడ దిగింది. రవికె అద్దాల మీద పొద్దు మెరుస్తోంది. అంత పొడుగు ప్లాట్‌ఫారం దాటి, నడుము పట్టుకుని, వెనకాలే ఉన్న గార్డు పెట్టె దాకా నడిచిపోయింది. గార్డు అప్పటికే పచ్చజెండా చేతిలోకి తీసుకున్నాడు.

"సారూ, రేపు పొద్దటి బండి ఉన్నదా?" అని అడిగింది.

ఆయన జెండా దించి, కిందికి ఒంగి, "ఉన్నదమ్మా, టైముకే ఉన్నది" అన్నాడు. ఆమె గంపలు నెత్తిన పెట్టుకుని తండా దారి పట్టింది.